కిక్కిసకీ గడపకీ మధ్య

ముందుగా ఒక నిజం

ముప్పై ఏళ్ళకు పైగా ఫైరింజన్ ఎక్కి తిరిగాను. ఏలూరు, తణుకు, తాడేపల్లిగూడెం, మళ్ళీ ఏలూరు. ఎక్కడికి వెళ్ళినా జనం నన్ను మంటలార్పే ఆయన అనే పిలిచారు. ఇప్పుడు రిటైరై, గూడెంలో మా వరండాలో కూర్చుని నిజాయితీగా ఆలోచిస్తే, నేను ఆర్పిన మంటలు తక్కువే. మిగతావన్నీ కాలడానికి ఇంకేమీ దొరక్క వాటంతట అవే ఆరిపోయాయి. మేం వెళ్ళి బూడిద మీద నీళ్ళు చల్లి వచ్చాం.

మొన్నామధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరబోతున్నవాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ ఒకతను అడిగాడు: "మీ సర్వీసులో చూసిన అన్నిటికన్నా పెద్ద మంట ఏదండీ?" నేను ఒక బచ్చలిపాదు గురించి చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మర్యాదస్థులు కాబట్టి పూర్తిగా విని వెళ్ళారు గానీ, ముసలాయనకి చాదస్తం వచ్చిందనుకునే ఉంటారు. వాళ్ళ వయసులో నాకూ పెద్ద మంటలే కావాలి. అందుకే ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ గొడవ రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకలాగే ఉంటాయి.

మన జిల్లాలో కార్చిచ్చులేమిటండీ, అని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎటు చూసినా కాలువలు, చేపల చెరువులు, వరిచేలు. నిజమే. కానీ ఏప్రిల్ చివర్లో ఒకసారి వచ్చి చూడండి. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి చేలల్లో ఎండు దుబ్బులు మిగులుతాయి. మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. చేలకి నీరు పారే బోదెల్లో బురద కూడా నెర్రెలిచ్చి ఉంటుంది. కొల్లేట్లో నీరు వెనక్కి తగ్గి, మనిషిని మించి పెరిగిన కిక్కిస గడ్డి ఎండి గలగలలాడుతుంది. ఇక ఇళ్ళ దగ్గర గడ్డిమేట్లు, కంచెలుగా కిక్కిస దడులు, తాటాకు చూర్లు. మన అడవి కొండల మీద లేదు, మన పెరట్లోనే ఉంది. ఈ సంగతి అర్థం కావడానికి నాకు సగం సర్వీసు పట్టింది.

మేటు దగ్గర చేసిన తప్పు

అప్పుడు నేను ఏలూరు స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌ని. మా ఆఫీసరు మూర్తి గారు ఇంకో పిలుపు మీద వెళ్ళారు. దెందులూరు వైపు ఒక ఊళ్ళో గడ్డిమేటు అంటుకుందని ఫోన్ వచ్చింది. బండి నా చేతిలో ఉంది. డ్రైవరు అప్పారావు. కొల్లేటి లంకల్లో పుట్టినవాడు, బండిని పడవలా నడిపేవాడు.

మేటు ఒక పెద్ద రైతుది. మన వైపు మేటు ఇంటి ముందే వేసుకుంటారు. అది పశువుల మేతా అవును, ఇంటి పరపతీ అవును. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ముందు మేటు ఎత్తు చూసి గానీ గుమ్మం ఎక్కరు. ఈయన మేటు మేడంత ఉంది. దానికి ఎదురుగా, రోడ్డుకి అటు పక్కన, వరసగా తాటాకిళ్ళు.

నేను దిగీ దిగగానే రైతు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబ్బాబు, సగమైనా దక్కించండి. ఏడాదంతా గొడ్లకి ఏం పెట్టమంటారండీ?" అని ఏడ్చేశాడు. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే నా బుర్ర పనిచెయ్యలేదు. రెండు గొట్టాలూ మేటు మీదికే పెట్టించాను.

వాన నీరు లోపలికి దిగకుండా పేర్చడమే మేటు వేసేవాళ్ళ పనితనం. మా నీళ్ళు కూడా అలాగే పక్కలకి జారిపోయాయి. లోపల నిప్పు లోపలే ఉంది. అప్పుడు నేను రెండో తప్పు చేశాను. కొక్కేలు, పంగల కర్రలు వేసి మేటు లాగించాను. అప్పటిదాకా గాలి ఆడక కుములుతున్న గడ్డి ఒక్కసారిగా భగ్గుమంది. పడమటి గాలికి నిప్పుతునకలు రోడ్డు దాటి మొదటి ఇంటి చూరు మీద వాలాయి.

బండిలో నీళ్ళు అయిపోయాయి. కాలువ కట్టేసి ఉంది. అప్పారావు బండిని ఒక చేపల చెరువు దగ్గరికి తోలాడు. అక్కడ పంపు పైపు మూతికి నాచు చుట్టుకుని నీళ్ళు ఎక్కలేదు. మేం ఆ నాచు పీకి, నీళ్ళు నింపుకుని తిరిగి వచ్చేసరికి తొమ్మిది ఇళ్ళు లేవు. ప్రాణాలు పోలేదు, అదొక్కటే. ఒకామె కొత్తగా చేయించుకున్న తలుపు రెక్క ఊడదీసుకుని, దాన్ని పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. ఆ తలుపు తగిలించడానికి ఇక గోడ లేదు.

మర్నాడు పొద్దున్న మూర్తి గారు నన్ను స్కూటరెక్కించుకుని అక్కడికే తీసుకెళ్ళారు. మేటు ఇంకా పొగ కక్కుతోంది.

"మేటు దక్కిందా?" అన్నారు.

"లేదండి."

"మరి నీళ్ళన్నీ ఎక్కడ పోశావు?"

"మేటు మీదండి."

ఆ బూడిద దాటుకుని ఇద్దరం స్కూటరెక్కి వచ్చేశాం. నా సర్వీసులో నాకు దొరికిన ట్రైనింగ్ అంటే అదే. పోయే మేటుని పోనిచ్చి, నీళ్ళన్నీ ఎదుటి చూర్ల మీద పోయవలసింది. పుస్తకంలో ఆ ముక్క ఉంది. నేను చదివాను కూడా. పరీక్షలో రాశాను.

ఇద్దరు ఆఫీసర్లు

మూర్తి గారు బండి దిగగానే మంటకి వీపు పెట్టి నిలబడేవారు. కొత్తలో మాకు అది చూసి నవ్వొచ్చేది. మంట ఎటు వెళ్ళబోతోందో అటు చూసేవారాయన. "అంటుకున్నది మనకి ఎలాగూ కనిపిస్తుందయ్యా. అంటుకోబోయేది చూడు" అనేవారు. ఆ తర్వాత నేను చేసిన పనంతా ఆ ఒక్క అలవాటులోంచే వచ్చింది.

ఆయన తర్వాత ఇంకో ఆఫీసరు వచ్చారు. ఆయనకి బండి అద్దంలా మెరవాలి. ఊళ్ళల్లోకి వెళ్ళి మేట్లు దూరంగా వేయమని, దుబ్బులు కాల్చొద్దని చెప్పొస్తానంటే, "మనది ఆర్పే శాఖ. చెప్పే శాఖ కాదు" అన్నారు. నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు కాస్త న్యాయంగా చెప్పాలి కదా, ఆయన ఉన్నన్నాళ్ళూ మా బండి స్టార్ట్ కాకపోవడమన్నది లేదు. మనుషుల్ని ఒక్క మాటలో తేల్చెయ్యకండి. కానీ ఆయన అన్న మాట మాత్రం తప్పు. నేను సెలవు రోజుల్లో వెళ్ళి చెప్పడం మొదలుపెట్టాను.

ఏప్రిల్‌లో చెప్పే మాట

మా శాఖలో ప్రచారమంతా ఏప్రిల్‌లో జరుగుతుంది. బ్యానర్ కడతాం, సెంటర్లో గ్యాస్ సిలిండర్‌కి నిప్పంటించి తడి గోనెసంచితో ఆర్పి చూపిస్తాం, పిల్లలు చప్పట్లు కొడతారు. నేను కూడా ఎన్నోసార్లు ఆ గోనెసంచి పట్టుకుని హీరోలా నిలబడ్డాను. ఒకసారి అత్తిలిలో అలాంటి ప్రదర్శన అయ్యాక, గడ్డిమేటు ఇంటికి ముప్పై అడుగుల దూరంలో ఉండాలని మైకులో గట్టిగా చెప్పాను. ఒక రైతు నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు.

"మీరు చెప్పింది చాలా బాగుందండీ. కానీ నాకు తెలీక అడుగుతాను, వేసేసిన మేటు ఇప్పుడెక్కడికి జరపమంటారండీ?"

నేను మైకు కింద పెట్టాను. మొదటి పంట సార్వా కోతలయ్యాక డిసెంబరులోనే మేటు వేసేస్తారు. ఏప్రిల్‌లో ఎవరు జరుపుతారు? ఆ తర్వాత నుంచి కోతల రోజుల్లోనే సైకిలు మీద కళ్ళాల చుట్టూ తిరిగాను. మేటుకి చోటు చూస్తున్న మనిషితో మాట్లాడితే వింటాడు, వేసేశాక మాట్లాడితే తగువుకొస్తాడు. ఇంత చిన్న విషయం ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

గాలి సంగతి కూడా అలాగే నేర్చుకున్నాను. మన వైపు ఎండాకాలం పొద్దున్న పడమటి గాలి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి పైరగాలి తిరుగుతుంది. పొద్దున్న గాలి ఊరికి అవతలి వైపు కొడుతోంది కదా అని ధైర్యంగా దుబ్బులకి నిప్పు పెట్టి, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు. లేచేసరికి గాలి మళ్ళి ఉంటుంది. హాయిగా ఉందని మనం గుమ్మంలో మంచం వేసుకునే ఆ పైరగాలే మంటని ఇంటి మీదికి తోలుకొస్తుంది. నేను చూసిన చేల మంటల్లో ఎక్కువ భాగం ఈ మధ్యాహ్నం నిద్రలోంచే పుట్టాయి.

మా ఇల్లు

రిటైరయ్యాక ఇక పూర్తిగా ఈ పనే పెట్టుకున్నాను. ఒకరోజు వరండాలో కూర్చుని, ఇంటి చుట్టూ ఎండు చెత్త ఉండకూడదన్న విషయం మీద ఉపన్యాసం రాసుకుంటున్నాను. మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, రాయడం అయ్యాక ఒకసారి మన వెనక గోడ చూసి రండి."

వెళ్ళి చూశాను. రెండేళ్ళ కొబ్బరి మట్టలు, విరిగిన మంచం, పాత తుంగచాపలు, వాటి పక్కనే స్నానాలకి నీళ్ళు కాచుకునే పొయ్యి. అవన్నీ తర్వాత తీద్దామని నేను పెట్టినవే. ఆ రోజు ఉపన్యాసం రాయలేదు, మట్టలు మోశాను. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని, "అటు పక్కన ఇంకొకటుందండీ ఆఫీసరు గారూ" అని చూపిస్తూ ఉంది. ఇప్పటికీ ఎక్కడికైనా మాట్లాడ్డానికి బయల్దేరితే, వెనక గోడ చూశారా అని అడిగి గానీ పంపదు.

లంకలో దడి

ఇక అసలు విషయం. అప్పారావు కూడా రిటైరై తన లంకకి వెళ్ళిపోయాడు. ఒక డిసెంబరులో మా ఇంటికి వచ్చాడు. "గురువు గారూ, మా ఊరు చూస్తే నాకు భయమేస్తోందండీ. మీరొకసారి రావాలండీ" అన్నాడు. ముప్పై ఏళ్ళు మంటల్లోకి బండి తోలినవాడు భయమన్నాడు కదా అని వెంటనే వెళ్ళాను.

కొల్లేటి ఒడ్డున ఒకే వరసలో ఇళ్ళు. ముందు రోడ్డు, వెనక పెరళ్ళు. పెరళ్ళ చివరి నుంచి దక్షిణంగా కనుచూపు మేర కిక్కిస. ఆ కిక్కిసతోనే కట్టిన దడులు ప్రతి పెరటికీ రెండు పక్కలా ఉన్నాయి. చూర్లు సగం తాటాకు, సగం కిక్కిస. అక్కడికి ఫైరింజన్ రావాలంటే చెరువుగట్ల మీది సన్నటి రోడ్డే దారి. ఎదురుగా చేపల లారీ వస్తే రెండిట్లో ఒకటి వెనక్కి పోవాలి. ఈ వరస అంటుకుంటే బండి వచ్చేసరికి ఏమీ ఉండదని నాకు నిలబడ్డచోటే అర్థమైపోయింది. నాకు ఆ తొమ్మిది ఇళ్ళు గుర్తొచ్చాయి.

ముందు నేను పెరళ్ళకి ఆనుకున్న కిక్కిసను కొట్టించేద్దామనుకున్నాను. అటవీ శాఖ ఆయన ఒప్పుకోలేదు. "అందులో పిట్టలు గూళ్ళు పెడతాయండీ. కిక్కిస జోలికి రాకండి. మీ పెరళ్ళు మీ ఇష్టం" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆయనకి దణ్ణం పెడతాను. ఆయన సరేనని ఉంటే ఏటేటా కిక్కిస నరుక్కుంటూ కూర్చునేవాళ్ళం, పెరడు సంగతి ఆలోచించేవాళ్ళమే కాదు.

ఊరివాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. ఫోనులో వీడియోలు చూపించాను. ఎక్కడో కొండల మీద అడవులు కాలుతుంటే వాళ్ళు "అయ్యయ్యో" అన్నారు, అంతే. అది వాళ్ళ ఊరు కాదు. అప్పుడు నాగమణి అనే ఆవిడ లేచింది. భర్త చేపల లారీ మీద వెళ్తాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఇద్దరు ఆడపిల్లలు. "మీరు పెద్దవారు, ఏదో మంచికే చెప్తారు. కానీ దడి తీసెయ్యమంటే ఎలాగండీ? దడి తీస్తే హద్దు పోదా అండీ?" అంది.

ఆ మాటకి అవతల పోతురాజు అనే ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన నాగమణికి బావగారు, భర్తకి అన్న. పక్క పక్క ఇళ్ళు. ఆరేళ్ళుగా మాటల్లేవు. వానలు తగ్గాక ఏటా దడి కొత్తగా కట్టుకుంటారు కదా, ప్రతిసారీ మరదలు బెత్తెడు ఆయన జాగాలోకి జరుపుతోందని ఆయన ఫిర్యాదు. బావగారే జరుపుతున్నారని ఈవిడ. దడి మాట ఎత్తితే ఆ వరసలో ప్రతి ఇంటికీ ఇలాంటి కథ ఒకటి ఉంది.

ఇక ఉపన్యాసం లాభం లేదనిపించింది. నాగమణిని పెరటి చివరికి తీసుకెళ్ళాను. "అమ్మా, ఈ కిక్కిస మీద చెయ్యి పెట్టండి. పెట్టిన చెయ్యి తియ్యకుండా, ఎండిన వస్తువు ఏది తగిలితే దాన్ని పట్టుకుంటూ ఇంటి వైపు నడవండి. పచ్చటిది గానీ, ఖాళీ నేల గానీ వస్తే ఆగిపోండి" అన్నాను.

ఆవిడ నవ్వుతూనే మొదలుపెట్టింది. కిక్కిస మీంచి దడి మీదికి, దడి మీంచి పిడకల గూడు మీదికి, అక్కడి నుంచి పశువుల పాక చూరు మీదికి, పాక మీంచి వంటింటి తాటాకు మీదికి చెయ్యి వచ్చేసింది. ఎక్కడా ఆగలేదు. ఆఖరికి చెయ్యి ఇంటి చూరు మీద ఉంది. లోపల చిన్న కూతురు నిద్రపోతోంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మంటా ఇలాగే వస్తుందాండీ?"

"ఇలాగే వస్తుందమ్మా. ఇంతకన్నా తొందరగా."

ఆ సాయంత్రం దాకా ఊళ్ళో అందరూ ఎవరి పెరట్లో వాళ్ళు చెయ్యి పెట్టి నడుస్తూనే ఉన్నారు. పోతురాజు కూడా ఎవరూ చూడకుండా నడిచాడని అప్పారావు చెప్పాడు.

మర్నాడు పని మొదలైంది. పెరటి చివర నలభై అడుగులు ఎండిన పుల్ల ఉండకూడదన్నాను. దడులు అంతమేర తీసేసి, ఆ జాగాలో తోటకూర, వంగ, బెండ మళ్ళు వేసుకోవాలి. పిడకలు, గడ్డిమేట్లు రోడ్డు వైపు పోవాలి. పాకల చూర్లు కిందికి వేలాడకుండా కత్తిరించాలి. రాలిన ఆకు రోజూ ఊడవాలి. కష్టమంతా హద్దు దగ్గరే వచ్చింది. దడి బదులు అరటి వేద్దామన్నాను. పోతురాజు అప్పారావు వైపు చూస్తూ అన్నాడు: "అరటి పిలకలేసుకుంటూ నడుస్తాదయ్యా. రెండేళ్ళలో మా ఇంట్లో ఉంటాది."

నాగమణి కూడా అప్పారావుకే చెప్పింది: "మందార వేద్దామని చెప్పండన్నయ్యా బావగారికి. మందార నడవదు. మధ్యలో బచ్చలి పాకిద్దాం. ఇటు పాకిన ఆకు నాది, అటు పాకిన ఆకు ఆయనది."

ఆ మాట నాకు తట్టలేదు, ఆవిడకి తట్టింది. నాటే వరస తిన్నగా రావడానికి తాడు ఒక కొస ఆవిడ, ఒక కొస ఆయన పట్టుకున్నారు.

"అప్పారావూ, తాడు బిగించమను."

"బిగించే ఉందని చెప్పండన్నయ్యా."

మధ్యలో అప్పారావు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. మొక్కలు మాత్రం తిన్నగా పడ్డాయి. వాళ్ళిద్దరూ నాటుకున్నాక మిగతా వరసలో ఎవరికీ మారు చెప్పవలసిన పని రాలేదు.

గాలి మళ్ళిన మధ్యాహ్నం

మే నెలలో ఒకరోజు భోజనాల వేళ అప్పారావు ఫోన్ చేశాడు. పొద్దున్న నుంచి కొల్లేట్లో దూరంగా పొగ కనిపిస్తోందట. ఎవరు పెట్టారో తెలీదు. పొద్దున్న గాలికి తూర్పుగా వెళ్ళిపోతోందని ఎవరూ పట్టించుకోలేదు. "ఇప్పుడు గాలి మళ్ళిందండీ" అన్నాడు. ఏలూరు స్టేషన్‌కి చెప్పాడట, బండి బయల్దేరిందట. ఆ రోజు నేను ఏలూరులో మేనల్లుడి ఇంట్లో ఉన్నాను, వాడి మోటారు సైకిలు మీద నేను కూడా వెళ్ళాను. మేం చెరువుగట్ల రోడ్డు ఎక్కేసరికి మా ముందు ఫైరింజన్ ఆగి ఉంది. ఎదురుగా లారీ. దాన్ని దాటుకుని సందులోంచి వెళ్ళిపోయాం.

ఊరు చేరేసరికి మంట పెరళ్ళకి వంద గజాల్లో ఉంది. కిక్కిస కణుపులు పేలుతుంటే టపాకాయల్లా చప్పుడు. పిట్టలు గుంపులుగా లేచి పోతున్నాయి. ఆడవాళ్ళు బిందెలతో, తడి గోనెలతో చూర్ల దగ్గర నిలబడ్డారు. పిల్లల్నీ పశువుల్నీ రోడ్డు మీదికి పంపేశారు. నా జన్మలో నీళ్ళ బండి లేకుండా మంట ముందు నిలబడ్డది అదే మొదటిసారి. నేను చెప్పిన మాట తప్పయితే ఈ వరసంతా పోతుంది, అదీ నన్ను నమ్మినందుకు పోతుంది.

మంట పెరటి అంచుకి వచ్చింది. తోటకూర మడుల ముందు ఎగిరెగిరి పడింది. ఆకులు వాడి, ముడుచుకుపోయాయి. అంటుకోలేదు. ఒక్కో పెరటి ముందూ అలాగే వచ్చి, తినడానికి ఏమీ దొరక్క కుంగిపోవడం కళ్ళారా చూశాను. నిప్పుతునకలు వచ్చి పడుతుంటే ఆడవాళ్ళు గోనెలతో మోది ఆర్పుతున్నారు.

అంతలో నాగమణి పెరట్లో కేక. ఊడ్చి పెట్టుకున్న ఆ నలభై అడుగుల్లో, హద్దు పక్కన, కొత్తగా కట్టిన కిక్కిస తడిక ఒకటి అంటుకుంది. అక్కడి నుంచి పాక చూరుకి బారెడు దూరం కూడా లేదు. ఆవిడ చెంబుతో నీళ్ళు విసురుతోంది, చాలడం లేదు.

పోతురాజు అటు పక్క నుంచి పడవ గెడ పట్టుకుని మందార మొక్కల మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"నాగమణీ! పక్కకి తప్పుకోమ్మా!"

గెడతో తడికని పీకి, మండుతున్నదాన్ని మండుతున్నట్టే ఈడ్చుకుపోయి కాలిన నేల మీదికి తోసేశాడు. చెయ్యి కాలింది. వెనక్కి వచ్చి గట్టిగా అరిచాడు: "తడిక ఎందుకు కట్టేవు? ఆయన అంత చెప్పేరు కదా!"

ఆవిడ తలొంచుకుని మెల్లిగా అంది: "మందార ఇంకా మోకాలి దాకా కూడా రాలేదు బావగారూ. ఎదిగిన పిల్లలు, స్నానానికి చాటు ఉండద్దాండీ?"

డిసెంబరు నుంచి ఆ ఊరు పదిసార్లు వెళ్ళాను. దడి అంటే హద్దు అనే అనుకున్నాను, మగవాళ్ళమందరం అదే అనుకున్నాం. ఆడవాళ్ళకి అది స్నానపు చాటు. ఆ మాట ఆవిడ నాతో ఎలా చెబుతుంది? నేనే మా ఆవిడని వెంట తీసుకెళ్ళి అడిగించవలసింది. ఆ తడిక ఆవిడ తప్పు కాదు, నాది. కొత్తగా చేరేవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి: మనిషికి ఏదైనా వద్దని చెప్పే ముందు, అది ఆ మనిషికి ఎన్ని పనులకి పనికొస్తోందో కనుక్కోండి. ఆ వారమే పోతురాజు తన ఇటుకలతో మరదలి ఇంటి పక్కన స్నానాల గది కట్టించాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ రోజు తడిక ఆరిన కాసేపటికి ఫైరింజన్ వచ్చింది. కుర్రాఫీసరు దూకి దిగాడు. దిగగానే మంట వైపు కాదు, ఇళ్ళ వైపు చూశాడు. నాకు ముచ్చటేసింది. వరసలో ఒక్క ఇల్లూ కాలలేదు. కిక్కిస నల్లగా పొగలు కక్కుతోంది, అంతే. అతని మనుషులు గొట్టం దించి పట్టుకుని, ఎటు పెట్టాలో తెలీక నిలబడ్డారు.

"ఇక్కడ మాకు పనేమీ లేదాండీ?" అన్నాడు నాతో.

నేను జవాబు చెప్పేలోపే నాగమణి మసి మొహంతో ముందుకొచ్చింది.

"పనెందుకు లేదండీ బాబూ, అన్ని నీళ్ళు తెచ్చి ఊరికే పట్టుకుపోతారా? సెగకి మా బచ్చలి వాడిపోయింది, కాస్త తడపండి" అంది. గొట్టం తన పెరటి వైపు తిరిగే సరికి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు అటు పక్క పట్టండి. మా బావగారి వైపు తీగ ఇంకా లేతది."